రిటైరయ్యాక కాశీ: బస్సా, టూరిస్టు రైలా, సొంత టికెట్టా, విమానమా?

రిటైరైన ఏడాది రెండేళ్లలో మనవాళ్ల ఇళ్లల్లో కాశీ మాట తప్పకుండా వస్తుంది. ఊరు ఏదన్నది ముందే తేలిపోయింది కాబట్టి చర్చంతా ఎలా వెళ్లాలి అన్న దగ్గరే జరుగుతుంది. వీధి చివర ఫ్లెక్సీలో "కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య, 12 రోజులు" అని ట్రావెల్స్ వాళ్లు పిలుస్తుంటారు. పక్కింటాయన రైల్వేవాళ్ల భారత్ గౌరవ్ రైలు బాగుందంటాడు. బావగారు "మన టికెట్లు మనమే తీసుకుందాం, ఎవడి వెనకో ఎందుకు తిరగడం" అంటారు. బెంగళూరు నుంచి అబ్బాయి ఫోన్ చేసి "మీరు ఊరుకోండి, నేను ఫ్లైట్ బుక్ చేస్తా" అంటాడు. నాలుగూ పనికొచ్చేవే, కానీ అందరికీ నాలుగూ పనికిరావు.

నా లెక్క ముందే చెప్పేస్తా, తర్వాత మీ ఇష్టం. ఉద్యోగంలో ఉన్నవాడికి ఓపిక ఉంటుంది, సెలవు ఉండదు. మన సంగతి అటుది ఇటైంది, రోజులకేం కొదవలేదు, మోకాళ్ల దగ్గరే వచ్చింది చిక్కు. అయినా ప్యాకేజీలన్నీ సెలవు దొరకనివాళ్ల కోసం తయారు చేసినట్టే ఉంటాయి: రాత్రంతా ప్రయాణం, తెల్లారి ఎక్కడో స్నానం, పగలంతా దర్శనాలు, మళ్లీ రాత్రికి ప్రయాణం. అందుకే నేను రేటు కంటే ముందు, ఎన్ని గుళ్లు చూపిస్తారన్న దానికంటే ముందు, ఒకటే చూస్తాను. మొత్తం ట్రిప్పులో కదలని మంచం మీద పడుకునే రాత్రులు ఎన్ని? ఏ కరపత్రం ఇచ్చినా పెన్ను తీసి ఆ రాత్రులకి టిక్కులు పెట్టండి. 12 రోజుల ట్రిప్పులో నాలుగు టిక్కులు కూడా పడకపోతే, ఆ డబ్బు మనం విహారానికి కడుతున్నామా, అలిసిపోవడానికి కడుతున్నామా అని ఆలోచించుకోవాలి.

ట్రావెల్స్ బస్సు

దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ, నేను మాట్లాడను. బస్సుతోపాటే వంటవాళ్లు వస్తారు, గిన్నెలు, బియ్యం, పచ్చళ్లు డిక్కీలో ఉంటాయి. పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం పప్పు, చారు, మజ్జిగ దొరుకుతాయి. పదిరోజులపాటు రొట్టె, బంగాళాదుంప కూర మింగుడుపడనివాళ్లకి ఇది చిన్న విషయం కాదు. పక్క సీటులో తెలుగే, మేనేజరుతో తెలుగే. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లకి అయితే ఇంతకంటే ధైర్యమైన దారి నాకు కనిపించలేదు. మా కాలనీలో భర్త పోయిన ఒకావిడ ఏటా ఒకే ట్రావెల్స్ వాళ్లతో వెళ్తారు. ఆ బస్సెక్కితే పుట్టింటికి వెళ్లినట్టు ఉంటుందంటారు. ఆవిడకి నేను రైలు మంచిదని చెప్పబోను.

అయితే హైదరాబాద్ నుంచి వారణాసి రోడ్డు మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. నాగపూర్, జబల్‌పూర్ దాటుకుని కూర్చునే పోవాలి. పుష్‌బ్యాక్ సీటు అన్నారంటే పడుకోవడం కుదరదని అర్థం. రెండో రోజుకి పాదాలు వాచిపోతాయి, మూడో రోజుకి చెప్పులు పట్టవు. అసలు బాధ బాత్రూమ్. బంకు దగ్గర ఆపితే నలభైమందికి రెండు గదులు, ఆడవాళ్ల వరుస ఎంతకీ కదలదు. దాంతో చాలామంది ఏం చేస్తారంటే నీళ్లు తాగడం మానేస్తారు. షుగర్ ఉన్నవాళ్లు, అరవై ఐదు దాటినవాళ్లు అలా చేస్తే యూరిన్ ఇన్‌ఫెక్షనో, కళ్లు తిరిగి పడిపోవడమో జరిగి యాత్ర అక్కడితో ఆగిపోతుంది. మూత్రం ఎక్కువ వచ్చే బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ప్రయాణం రోజుల్లో ఏ వేళకి వేసుకోవాలో డాక్టరుని ముందే అడగాలి, అంతేగానీ సొంతంగా మానేయకూడదు.

డబ్బు కట్టేముందు మేనేజరుని గట్టిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సీటు నంబరు రసీదు మీద రాస్తారా? (చక్రం మీద సీటూ, చివరి వరుస సీటూ ఒప్పుకోకండి, వెన్నుపూస మనది.) డ్రైవర్లు ఇద్దరా ఒకరా? రాత్రి ఎన్నిటికి బస్సు ఆపుతారు? బస అంటే గదా, హాలా? ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఒకసారి మాకు "రూములు" అని చెప్పినవాళ్లు తీరా దిగాక రెండో అంతస్తు హాల్లో వరుసగా పరుపులు చూపించారు, లిఫ్టు లేదు. నేలమీంచి లేవలేని వయసులో అది ఎంత కష్టమో కుర్రాడైన మేనేజరుకి తెలియదు, తెలియాలని కోరుకోవడం కూడా అత్యాశే. కాబట్టి మంచం, అటాచ్డ్ బాత్రూమ్, ఎన్నో అంతస్తు, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. బస్సు లోపలికి వెళ్లని చోట ఆటో ఖర్చు ఎవరిదో కూడా అడగండి. కాశీలో బస్సు ఊరి బయటే ఆగిపోతుంది, అక్కడి నుంచి రోజుకి రెండుసార్లు ఆటో అంటే చివర్లో లెక్క బాగానే తేలుతుంది.

భారత్ గౌరవ్ టూరిస్టు రైలు

ఐఆర్‌సీటీసీ వాళ్లు (రైల్వేలో టికెట్లు, టూరిజం చూసే సంస్థ) ఈ రైలుని 2023 మార్చిలో సికింద్రాబాద్ నుంచి పూరీ, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగలకు పుణ్యక్షేత్ర యాత్ర పేరుతో మొదలుపెట్టారు. 8 రాత్రులు, 9 రోజులు. కాజీపేట, ఖమ్మం, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట మీదుగా వెళ్లడంతో కోస్తా వాళ్లకి కూడా ఇంటి దగ్గర ఎక్కే వీలు దొరికింది. ఆ తర్వాత రకరకాల రూట్లు వచ్చాయి, తేదీలు, రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి వాళ్ల టూరిజం సైట్లోనే చూసుకోవాలి. మధ్యలో ఎవరో ఏజెంటు ఫేస్‌బుక్‌లో పెట్టిన నంబరుకి డబ్బు పంపకండి.

బస్సుతో పోలిస్తే నడుం వాల్చొచ్చు, బాత్రూమ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఉంటుంది, కాళ్లు చాపుకోవచ్చు, నాలుగడుగులు నడవొచ్చు. శాకాహార భోజనం సీటు దగ్గరకే వస్తుంది. స్టేషన్లో దిగగానే బస్సులు సిద్ధంగా ఉంటాయి. మనం రైల్వే ప్లాట్‌ఫారాల మీద పెట్టెలు మోసుకుని ఎవరినీ బతిమాలక్కర్లేదు. అన్నీ ఒకళ్ల చేతిలో పెట్టేసి హాయిగా ఉండాలనుకునే భార్యాభర్తలకి ఇది బస్సు కంటే నిక్కచ్చిగా మేలు.

కానీ బెర్తు సంగతి బ్రోషర్ చెప్పదు. స్లీపర్లో, థర్డ్ ఏసీలో ఒక్కో కూపేకి సైడుతో కలిపి ఎనిమిది బెర్తులు, అందులో కిందివి మూడే. సెకండ్ ఏసీలో మధ్య బెర్తు ఉండదు కాబట్టి ఆరింటిలో మూడు కిందివి. మామూలు రైల్లో అయితే పెద్దవాళ్లమని ఎవరో కుర్రాడు పైకెక్కుతాడు. ఈ రైల్లో ఎక్కినవాళ్లంతా మన వయసువాళ్లే! ఎనిమిదిమంది మోకాళ్ల నొప్పులవాళ్లకి మూడు కింది బెర్తులు, ఇంక పంచాయితీ మీరే ఊహించుకోండి. స్తోమత ఉంటే పై తరగతి తీసుకోండి. దాన్ని కంఫర్ట్ అంటారు, అంటే సెకండ్ ఏసీ. ఏసీ గదికోసం కాదు, ఆ కింది బెర్తు దొరికే అవకాశం కోసం. ఎకానమీ అంటే స్లీపరు, దిగినచోట నాన్ ఏసీ గది. మన సౌకర్యం విషయానికొస్తే ఈ రెండిటి మధ్య తేడా రేటులో కనిపించే తేడా కంటే పెద్దది.

మంచం రాత్రుల లెక్క ఇక్కడా వేయండి. పూరీ, కాశీ తరహా యాత్రలో ఎనిమిది రాత్రుల్లో హోటల్లో పడుకునేవి రెండో మూడో ఉంటాయి, మిగతావన్నీ రైల్లోనే. కొన్నిచోట్ల "వాష్ అండ్ చేంజ్" అని రాస్తారు, అంటే స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి కాసేపు గది ఇస్తారు, అంతే. అది బస కాదు. పైగా కాశీకి ఒక పగలు, ఒక రాత్రి దక్కుతాయి. రైలు లేటయితే కోత పడేది ఆ పగట్లోనే.

మన టికెట్టు మనమే

నేను ఎక్కువగా సిఫారసు చేసేది ఇదే, ఎందుకంటే మనకున్న ఆస్తి రోజులే కాబట్టి వాటిని వాడుకునే దారి ఇదొక్కటే. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మన పెద్దవాళ్లు పెట్టుకున్న ఆనవాయితీ ఉంది. భక్తి సంగతి పక్కన పెట్టినా అది పెద్దవాళ్ల ఒంటికి సరిపడే ప్లాను. ఒకే గదిలో సామాను సర్దేసుకుని, ఓపిక ఉన్న రోజు గుడికి, లేని రోజు ఘాట్ మెట్ల మీద కూర్చోవడానికి వెళ్లొచ్చు. ఒకరికి జ్వరం వస్తే ఒక రోజు పడుకోవచ్చు, ఏ బస్సూ హారన్ కొట్టదు.

సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ మనవాళ్లకి బాగా అలవాటైన రైలు. ప్రయాణం ఒక రోజు పైచిలుకు పడుతుంది. ఒకప్పటి మొగల్‌సరాయి స్టేషను 2018 నుంచి పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అయింది. టికెట్టు చేసేటప్పుడు వారణాసి దొరకకపోతే ఆ పేరు వెతకండి, కాశీకి అక్కడి నుంచి ఆటోలోనో టాక్సీలోనో వెళ్లిపోవచ్చు.

టికెట్టు చేయడంలో కిటుకులు ఉన్నాయి, ఇవి తెలియక చాలామంది పై బెర్తులు తెచ్చుకుంటారు. సీనియర్ల రాయితీ 2020 మార్చిలో ఆగింది, అప్పటిదాకా మగవాళ్లకి 40 శాతం, ఆడవాళ్లకి 50 శాతం ఉండేది. కానీ కింది బెర్తు కోటా అలాగే ఉంది. 60 నిండిన మగవాళ్లు, 45 నిండిన ఆడవాళ్లు దీనికి అర్హులు. అయితే ఒక టికెట్టు మీద ఒకరో ఇద్దరో ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. రెండు జంటలు కలిసి వెళ్తూ నలుగురికీ ఒకే టికెట్టు తీస్తే ఆ కోటా పోయినట్టే, జంటకొకటి చొప్పున విడివిడిగా తీయండి. పక్కపక్కన రాకపోతే రైల్లో అడిగి మార్చుకోవచ్చు, లేనిపోని కింది బెర్తు మాత్రం ఎవరూ సృష్టించి ఇవ్వలేరు. బుకింగ్ చేసేటప్పుడు జనరల్ కాకుండా సీనియర్ సిటిజన్ కోటా ఎంచుకోవాలి. మీ ఐఆర్‌సీటీసీ అకౌంటు ఆధార్‌తో సరిచూసుకుని ఉంచండి, ఆ పని టికెట్టు తెరిచే రోజు పొద్దున మొదలుపెడితే అయ్యేది కాదు.

బస విషయంలో కేదార్ ఘాట్, పాండే హవేలీ వైపు చూడండి. అక్కడ తెలుగు, తమిళం వినిపిస్తాయి, ఇడ్లీ దొరుకుతుంది, శ్రీ రామ తారక ఆంధ్రాశ్రమం ఉన్నదీ అటే. ఆశ్రమాలు, సత్రాలు చవక, భోజనం మన భోజనం. అయితే గది ముందుగా ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి, చాలాచోట్ల ఇన్ని రోజులే అని పరిమితి ఉంటుంది, కొన్ని ఒక కులంవాళ్లకే ఇస్తారు. తొమ్మిది రాత్రులు ఒకేచోట కుదరకపోతే సగం సత్రంలో, సగం లాడ్జిలో పెట్టుకోండి. గది తీసుకునేముందు మెట్లు ఎన్ని, వెస్టర్న్ బాత్రూమ్ ఉందా, ఆటో ఎంతవరకు వస్తుంది అని అడగండి. యాప్‌లో "ఘాట్‌కి దగ్గర" అని రాసిన హోటళ్లలో సగం ఇద్దరు మనుషులు ఎదురుపడితే పక్కకి తిరిగి నడిచే సందుల్లో ఉంటాయి. ఆ సందులో ఆవు కూడా ఉంటుంది, దారి ఇవ్వదు.

విశ్వనాథుని గుడి చుట్టూ 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక ఒకప్పటి ఇరుకు తగ్గింది కానీ నడక ఉంది. ఫోను లోపలికి ఒప్పుకోరు, కాబట్టి ఇద్దరూ విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ఒక చీటీ మీద బస అడ్రసు, పిల్లల నంబర్లు రాసి జేబులో పెట్టుకోండి.

ప్రయాగ 120 కిలోమీటర్ల పైన, ఒక పూట కారు మాట్లాడుకుని వెళ్లి రావచ్చు. గయ మాత్రం 250 దాకా ఉంటుంది, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడం ఇద్దరు పెద్దవాళ్లకి శిక్ష. పిండప్రదానం ఉంటే అక్కడ ఒక రాత్రి ఉండండి, దక్షిణ ఎంతో కూర్చోకముందే మాట్లాడుకోండి. అయోధ్య 200 కిలోమీటర్ల పైమాటే, గుడి చుట్టుపక్కల నడక కూడా ఎక్కువ. మోకాళ్లు సహకరించకపోతే ఈ ట్రిప్పుకి వదిలేయండి, ఇంకోసారి వెళ్లొచ్చు.

ఈ పద్ధతికి లోటు ఏంటంటే, ఏది తేడా వచ్చినా చూసుకోవాల్సింది మనమే. ఫోన్లో టికెట్టు తీయడం, హిందీలో బేరం ఆడటం, రైలు లేటైతే ఏం చేయాలో తేల్చుకోవడం ఇద్దరిలో కనీసం ఒకరికి చేతకావాలి. అది లేకపోతే టెన్షన్‌తోనే సగం యాత్ర గడిచిపోతుంది, అలాంటివాళ్లు నిస్సంకోచంగా టూరిస్టు రైలు ఎక్కండి.

విమానం

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే ఫ్లైటుకి రెండు గంటలు. 75 దాటినవాళ్లకి, గుండెకి స్టెంట్ పడినవాళ్లకి, గంటకోసారి బాత్రూమ్‌కి లేచేవాళ్లకి ఇంక పోలికే అక్కర్లేదు, ఇదే. వీల్‌చైర్ టికెట్టు తీసేటప్పుడే అడగాలి, మొహమాటపడకండి, ఎయిర్‌పోర్టు నడక గుడి నడక కంటే తక్కువేమీ కాదు. సీనియర్ సిటిజన్ ఛార్జీ అని కనిపించగానే నొక్కేయకుండా మామూలు ఛార్జీతో సరిచూసుకోండి, ఒక్కోసారి మామూలుదే తక్కువ ఉంటుంది. అబ్బాయి బుక్ చేస్తానంటే చేయనివ్వండి, కానీ రెండు షరతులు పెట్టండి. తెల్లవారుజామున నాలుగింటి ఫ్లైటు వద్దు, ఢిల్లీలో దిగి మారేది వద్దు. వాళ్లు వెయ్యి రూపాయలు మిగులుతుందని చూస్తారు, మనకి ఒక రాత్రి నిద్ర పోతుంది.

డబ్బు చాలదనుకుంటే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఉత్సాహం ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడే ఒళ్లు మొరాయిస్తుంది. పిల్లలు సెలవు పెట్టి తోడు వస్తామంటే సంతోషమే. కాకపోతే వాళ్లకి మూడు రోజులే ఉంటాయి, మళ్లీ పరుగే. వాళ్లని రమ్మని మూడో రోజు పంపించేసి మీరు ఇంకో ఐదు రోజులు ఉండండి, ఇద్దరికీ బాగుంటుంది.

ఎప్పుడు, ఏం చూసుకుని

ఏప్రిల్ నుంచి జూన్ మండిపోతుంది, జూలై నుంచి సెప్టెంబరు గంగ పొంగి ఘాట్లు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. డిసెంబరు చివర నుంచి జనవరి అంతా పొగమంచు, రైళ్లు గంటల తరబడి లేటు, విమానాలూ అంతే. కార్తీక పౌర్ణమికి, శివరాత్రికి గది దొరకదు, దొరికినా రేటు వినలేం. మాఘంలో ప్రయాగ కిక్కిరిసి ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది దసరా వెళ్లాక కొన్ని వారాలు, ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి సగం దాకా. అందులోనూ శివరాత్రి ఎప్పుడొచ్చిందో క్యాలెండర్లో చూసుకోండి.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, యాత్ర హడావిడిలో మర్చిపోతే డిసెంబరు పెన్షన్ పడదు. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఎక్కడినుంచైనా ఇవ్వొచ్చు, అయినా బయల్దేరేముందే పని ముగించుకోండి. 70 నిండినవాళ్లు ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకున్నారా? ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం, పథకంలో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా పనిచేస్తుంది. ఇంకేదైనా హెల్త్ కార్డు ఉంటే అది ఉత్తరప్రదేశ్‌లో చెల్లుతుందో లేదో కనుక్కోండి, మన రాష్ట్రంలో చెల్లినంత మాత్రాన అక్కడ చెల్లాలని లేదు. మందులు ట్రిప్పు రోజులకి ఇంకో వారం కలిపి రెండు సంచుల్లో పెట్టండి, ఒకటి ఆయన దగ్గర, ఒకటి ఆవిడ దగ్గర. చీటీ మీద కంపెనీ పేరే కాకుండా లోపలి మందు పేరు కూడా రాయించుకోండి, మన బ్రాండు అక్కడ దొరకకపోవచ్చు.

ఇక సొంతంగా వెళ్లేవాళ్లకి తేదీల లెక్క. రైలు బుకింగ్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 ఉండేది. ఫిబ్రవరి 20న బయల్దేరాలంటే డిసెంబరు 22 ఉదయం 8 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. గదులకి ఫోన్లు ఆ ముందువారంలోనే చేసేయండి. తిరుగు టికెట్టు అదే రోజు తెరుచుకోదు, మీరు ఇక్కడ బయల్దేరిన రోజు నుంచి అక్కడ తిరుగు రైలెక్కే రోజుకి ఎన్ని రోజులో అన్ని రోజుల తర్వాత తెరుచుకుంటుంది. దానికి విడిగా ఫోన్లో అలారం పెట్టుకోండి, అలాగే ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఇంట్లో పాలవాడు, పనమ్మాయి, వాట్సాప్ ఎవరూ మిమ్మల్ని కదిలించకుండా చూసుకోండి.